కెమికల్ అయితే భయం, నేచురల్ అయితే ధైర్యం: ల్యాబులో ఈ లెక్క నడవదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డైట్ సోడాలో తీపి కోసం వాడే యాస్పర్టేమ్‌ను క్యాన్సర్ లిస్టులో 2బి గ్రూపులో పెట్టారని చదివి, వారానికి రెండు క్యాన్లు తాగే సోడా మానేశారు. దాని బదులు, నేచురల్ కదా అని ఒక హెర్బల్ క్యాప్సూల్ మొదలుపెట్టారు. తీరా చూస్తే అందులో ఉన్న కలబంద ఆకు సారం కూడా అదే 2బిలో ఉందని ఎవరో చెప్పారు. ఎలుకలకు అంతంత మోతాదులు పోసి మనుషుల మీద తీర్పు చెప్పడం ఏమిటి, అసలు మొక్కల్లోంచి వచ్చేది క్యాన్సర్ ఎలా తెస్తుంది అని అడిగారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పరీక్షలు చేసే ల్యాబుల్లోనే పనిచేశాను. మొదట బ్యాక్టీరియా ప్లేట్లు లెక్కపెట్టే పని, తర్వాత ఎలుకల స్టడీలు నడిపే పని. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ 2బి సంగతి. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది, ఐఏఆర్‌సీ అంటారు. 1970ల మొదట్నుంచి ఇప్పటిదాకా వెయ్యికి పైగా పదార్థాలనూ పరిస్థితులనూ పరిశీలించి గ్రూపులు వేసింది. గ్రూప్ 1 అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనవి, 2ఎ అంటే బహుశా కలిగించవచ్చు, 2బి అంటే కలిగించే అవకాశం ఉంది, 3 అంటే ఉన్న ఆధారాలతో ఏమీ తేల్చలేం. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఈ అంకెలు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిగా ఉందన్నది, ప్రమాదం ఎంత పెద్దదన్నది కాదు. జేబుదొంగ పదిమంది ముందు దొరికిపోతే కేసు చాలా గట్టిది, కానీ నేరం చిన్నది. హత్య చేశాడన్న అనుమానం ఉండి సాక్షి ఒక్కడూ లేకపోతే కేసు బలహీనం, నేరం మాత్రం పెద్దది. పొగాకు, ప్లుటోనియం, ప్రాసెస్ చేసిన మాంసం మూడూ గ్రూప్ 1లోనే ఉన్నాయి. రోజుకు 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో అదే సంస్థ లెక్క చెప్పింది. సిగరెట్లు తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరిగేది శాతాల్లో కాదు, పదిహేను నుంచి ముప్పై రెట్లు. రెండూ ఒకే గ్రూపులో ఉన్నంత మాత్రాన ఒకటేనా? "సిగరెట్‌తో సమానం" అని హెడ్డింగ్ పెట్టేవాళ్లకు ఈ తేడా తెలియదనుకోను, తెలిసే పెడతారేమో అని నా అనుమానం.

ఇక అసలు ఈ విషయాలు ఎలా తేలుస్తారన్నది. మొదటి సాక్ష్యం మనుషుల నుంచే వచ్చింది. 1775లో లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్, చిన్నప్పటి నుంచి పొగగొట్టాల్లోకి దిగి మసి దులిపే పని చేసినవాళ్లకు వృషణాల సంచి చర్మం మీద క్యాన్సర్ వస్తోందని రాశాడు. మసిలో ఏదో ఉందన్నమాట. ఆ "ఏదో" పట్టుకోవడానికి ఎవరెవరో జంతువుల మీద ప్రయత్నించి, కొన్నాళ్లకు విసిగి వదిలేశారు. 1915లో టోక్యోలో యమగివా, ఇచికావా అనే ఇద్దరు మాత్రం వదల్లేదు. కుందేళ్ల చెవులకు తారు పూస్తూ పోయారు, నెలల తరబడి, మళ్లీ మళ్లీ, అదే చోట. చివరికి క్యాన్సర్ వచ్చింది. ఈ రంగంలో మొదటి పాఠం అదే, క్యాన్సర్‌కు టైమ్ కావాలి. వారం రోజులు పెట్టి చూశాం, ఏమీ కాలేదు అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. 1930ల్లో ఆ తారులోంచి బెంజోపైరీన్ అనే పదార్థాన్ని విడదీశారు. పొగలో, మాడిన పదార్థాల్లో ఉండేది అదే.

ఇంకో విచిత్రం ఉంది. బెంజోపైరీన్ తనంతట తాను డీఎన్ఏను ఏమీ చెయ్యదు. దాన్ని బయటికి పంపేయడానికి మన శరీరంలోని ఎంజైములే మారుస్తాయి, ఆ మార్చే దారిలో పుట్టే పదార్థం డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఇల్లు ఊడ్చబోయి దుమ్మంతా కంట్లో కొట్టుకున్నట్టు. చాలా క్యాన్సర్ కారకాలది ఇదే కథ. అందుకే వట్టి బ్యాక్టీరియా మీదో వట్టి కణాల మీదో పరీక్ష చేస్తే సగం దొంగలు తప్పించుకుంటారు.

దీనికి 1970ల్లో అమెరికాలోని బర్కిలీలో బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్త ఒక తెలివైన దారి చూపించాడు. నా ఉద్యోగం మొదలైంది దానితోనే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సాల్మొనెల్లా బ్యాక్టీరియాలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేని రకాలు తీసుకుంటారు. హిస్టిడిన్ దాదాపు లేని ప్లేటు మీద పరిస్తే అవి పెరగవు. వాటిలో దెబ్బతిన్న జీన్ మళ్లీ మ్యుటేషన్ వల్ల సరైతేనే బతికి, చుక్కలాంటి కాలనీగా పెరుగుతాయి. పరీక్షించే పదార్థంతో పాటు ఎలుక కాలేయాన్ని నూరి తీసిన ఎంజైముల ద్రవం కూడా కలుపుతారు, పైన చెప్పిన ఆ మార్పిడి జరగడానికి. 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచి కాలనీలు లెక్కపెట్టాలి. ఏమీ కలపని ప్లేటులో కూడా కొన్ని వస్తాయి, టీఏ100 అనే రకానికైతే వంద, నూటయాభై మామూలే. మోతాదు పెంచేకొద్దీ అది రెట్టింపై ఇంకా పెరుగుతూ పోతే ఆ పదార్థం మ్యుటేషన్లు తెస్తోందని అర్థం.

నేను చేరిన కొత్తలో ఒక మొక్క సారం వచ్చింది పరీక్షకు. మోతాదు పెంచేకొద్దీ కాలనీలు చక్కగా, గీత గీసినట్టు పెరిగాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. రిపోర్టు రాయడానికి కూర్చున్నాను కూడా. మా సీనియర్ ఒకావిడ ప్లేటును వెలుగుకు ఎత్తి పట్టుకుని, "కాలనీలు సరే, వెనకాల పలచగా పరుచుకుని ఉండే బ్యాక్టీరియా పొర ఇంత చిక్కగా ఎందుకుందో చూశావా?" అంది. చూడలేదు. విషయం ఏమిటంటే ఆ సారంలోనే హిస్టిడిన్ ఉంది! మ్యుటేషన్ లేదు, పాడూ లేదు, ఆకలితో ఉన్న బ్యాక్టీరియాకు నేనే అన్నం పెట్టి "అదిగో పెరిగాయి" అని సంబరపడ్డాను. పొర చిక్కబడితే విభజనలు ఎక్కువ, వాటంతట అవి వచ్చే మ్యుటేషన్లూ ఎక్కువ. మొక్కల సారాలు, ప్రోటీన్ ఉన్న శాంపిళ్లు ఈ పరీక్షలో ఇలా మోసం చేస్తాయని పుస్తకంలో ఉన్నదే, నాకు మాత్రం ఆ రోజే ఎక్కింది. కాబట్టి "ఫలానా ఆకు ల్యాబ్ పరీక్షలో పాజిటివ్" అని ఎక్కడైనా చదివితే ఏ పరీక్ష, దేనితో సరిపోల్చారు అని చూడకుండా నేనైతే నమ్మను.

బ్యాక్టీరియా దగ్గర పాజిటివ్ అయినంత మాత్రాన క్యాన్సర్ కారకం అని ముద్ర వెయ్యరు. నెగటివ్ అయినంత మాత్రాన వదిలెయ్యరు కూడా, ఆస్బెస్టాస్ లాంటివి ఈ పరీక్షలో దొరకవు. అప్పుడు ఎలుకల దగ్గరికి రావాలి. మామూలుగా ఒక్కో మోతాదుకు 50 మగ, 50 ఆడ జంతువులు, మూడు మోతాదులు, ఏమీ ఇవ్వని కంట్రోల్ గ్రూపు ఒకటి, రెండేళ్లు. పెద్ద ఎలుకల్లో ఒకసారి, చిట్టెలుకల్లో ఒకసారి. రెండేళ్లయ్యాక ఒక్కో జంతువు నుంచి నలభై దాకా అవయవాల ముక్కలు కోసి, మైనంలో పోసి, పలచని పొరలుగా తీసి స్లైడ్ మీద పెడతారు. వందల జంతువులు, వేల స్లైడ్లు, పాథాలజిస్టు వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూడాలి. రెండేళ్ల స్టడీకి రిపోర్టు చేతికి వచ్చేసరికి ఇంకో రెండేళ్లు పట్టడం మామూలే.

అంతంత మోతాదులు ఎందుకు అని మీరు అడిగిన దానికి జవాబు ఇక్కడుంది, ఇది కుట్ర కాదు, లెక్క. కంట్రోల్ గ్రూపులో ఒక్కదానికీ కణితి లేకపోయినా, మందు తిన్న 50లో కనీసం 5 జంతువులకు కణితి వస్తే తప్ప అది యాదృచ్ఛికం కాదని గణాంకాలు ఒప్పుకోవు. అంటే 10 శాతం. ఒక పదార్థం వెయ్యిలో ఒకరికి క్యాన్సర్ తెస్తుందనుకోండి, కోటి మంది వాడితే పదివేల మంది, ఘోరం. కానీ 50 ఎలుకల్లో అది కనపడే దారే లేదు. లక్ష ఎలుకల్ని పెంచలేం కాబట్టి మోతాదు పెంచుతారు, జంతువు తట్టుకోగలిగినంత పై అంచుదాకా. దాని ధర కూడా ఉంది. ఆ మోతాదులో కణాలు చచ్చి, ఖాళీ పూడ్చడానికి కొత్తవి హడావిడిగా విభజన చెందుతాయి, విభజన ఎక్కువైతే పొరపాట్లూ ఎక్కువ. అంటే కొన్నిసార్లు కణితి తెచ్చింది ఆ పదార్థం స్వభావమా లేక ఆ మోతాదా అన్నది తేలదు. దీని మీద మా రంగంలో కొట్లాటలు ఇప్పటికీ ఉన్నాయి.

బయటివాళ్లకు తెలియని ఇంకో తలనొప్పి, కంట్రోల్ జంతువులకు కూడా కణితులు వస్తాయి, అదీ విపరీతంగా. చాలాకాలం వాడిన ఎఫ్344 అనే జాతి మగ ఎలుకల్లో రెండేళ్లు నిండేసరికి ఎక్కువ వాటికి వృషణాల్లో కణితి ఉంటుంది, ఏమీ ఇవ్వకపోయినా సరే. పైగా బాగా తిని లావైన జంతువుకు కణితులు ఎక్కువ, బక్కదానికి తక్కువ. ఇప్పుడు చూడండి తమాషా. చేదుగా ఉండే ఏదో సారం మేతలో కలిపితే ఎలుక సరిగ్గా తినదు, సన్నబడుతుంది, కణితులు తగ్గుతాయి. "ఫలానా మూలిక క్యాన్సర్‌ను తగ్గించింది" అని వార్త! నా చేతుల మీదుగా వెళ్లిన స్టడీల్లోనే ఇలాంటివి చూశాను. బరువుల పట్టిక చూడకుండా అలాంటి మాట నమ్మకండి.

ఎలుకకు వచ్చింది మనిషికి రావాలని లేదు, అది నిజమే. చక్కెర బదులు వాడే సాకరిన్ కథ అందరూ చెప్తారు. మేతలో 5 శాతం, అంతకన్నా ఎక్కువ పెడితే మగ ఎలుకల మూత్రాశయంలో కణితులు వచ్చాయి, 1977లో అమెరికాలో నిషేధించబోయి చివరికి హెచ్చరిక లేబుల్‌తో సరిపెట్టారు. తర్వాత తేలిందేమిటంటే ఎలుక మూత్రం తీరు వేరు, అంత మోతాదులో అందులో సన్నని స్ఫటికాలు ఏర్పడి మూత్రాశయం లోపలి పొరను గీరుతున్నాయి. మనిషిలో అది జరగదు. 2000లో లేబుల్ తీసేశారు. నారింజ తొక్కల్లో ఉండే లిమొనీన్‌ది కూడా అలాంటిదే, మగ ఎలుక కిడ్నీలో ఉండే ఒక ప్రోటీన్ వల్ల దానికి మాత్రమే వచ్చే గొడవ, ఆ ప్రోటీన్ మనకు లేదు.

కానీ ఈ కథలు చెప్పి "ఎలుకల పరీక్షలన్నీ దండగ" అనేవాళ్లు రెండో వైపు చెప్పరు. తాగునీటిలో ఆర్సెనిక్ మనుషులకు చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం క్యాన్సర్లు తెస్తుందని గట్టిగా తెలుసు, మామూలు జంతు పరీక్షల్లో మాత్రం అది దశాబ్దాల పాటు దొరకలేదు. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రాశయ క్యాన్సర్ వస్తోందని జర్మనీలో లుడ్విగ్ రేన్ 1895లోనే చెప్పాడు. దానికి కారణమైన వాటిలో ఒకటైన 2-నాఫ్తైలమీన్‌తో జంతువులో అదే క్యాన్సర్ చూపించగలిగింది 1938లో, అదీ కుక్కల్లో. మధ్యలో నలభై ఏళ్లకు పైగా కార్మికులే ప్రయోగ జంతువులయ్యారు. ఎలుక అబద్ధం చెప్పినప్పుడు మనం ఒక స్వీటెనర్‌కు కొన్నాళ్లు భయపడ్డాం, అంతే. ఎలుక నోరు మెదపనప్పుడు మనుషులు పోయారు. రెండు తప్పుల బరువూ ఒకటి కాదు, అందుకే నేను ఈ పరీక్షల్ని తిట్టుకుంటూనే సమర్థిస్తాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, నేచురల్ సంగతి. నాకు తెలిసిన అత్యంత భయంకరమైన క్యాన్సర్ కారకాల్లో ఒకటి బూజు నుంచి వస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం తెలియక టర్కీ ఎక్స్ రోగం అన్నారు. వెతుకుతూ పోతే మేతలో కలిపిన వేరుశనగ చెక్క, దానిమీద పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, ఆ బూజు తయారుచేసిన విషం బయటపడ్డాయి. అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ తేవడానికి రోజుకు కిలో బరువుకు కొన్ని మైక్రోగ్రాములు చాలు, గ్రాములో లక్షల వంతు. సాకరిన్‌తో పోలిస్తే లక్షల రెట్లు బలమైనది. షాంఘైలో 18 వేల మందికి పైగా మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన స్టడీలో, మూత్రంలో అఫ్లాటాక్సిన్ ఆనవాళ్లు ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు 3 రెట్లు, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు 7 రెట్లు, రెండూ ఉన్నవాళ్లకు దాదాపు 60 రెట్లు అని తేలింది. కూడితే పది రావాలి, వచ్చింది అరవై. పైగా అది వేలిముద్ర కూడా వదిలిపెడుతుంది. పీ53 అనే జీన్‌లో 249వ స్థానంలో ఒకే ఒక్క అక్షరం మారుతుంది, కణితిని పరీక్షిస్తే ఇది చేసినవాడెవడో చాలావరకు చెప్పెయ్యొచ్చు.

రెండోది మీ క్యాప్సూల్‌కు ఇంకా దగ్గర. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్‌కు వెళ్లిన ఆడవాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీలు పాడయ్యాయి. వాళ్లకిచ్చిన మూలికల మిశ్రమంలో ఒక మొక్క బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలిసిపోయింది, పేర్లు దగ్గరగా ఉండటంతో. కిడ్నీలు పూర్తిగా పోయి తీయించుకున్న 39 మందిని పరిశీలిస్తే 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించింది, ఈ ఫలితం 2000లో ప్రచురించారు. అరిస్టలోకిక్ ఆమ్లం ఇప్పుడు గ్రూప్ 1. ఆ మొక్క కొత్తదేమీ కాదు, వందల ఏళ్లుగా వైద్యంలో వాడినదే. "తాతల నాటి నుంచి వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు" అనే మాట ఇక్కడెందుకు చెల్లదంటే, ఇవాళ తిన్న దానికి ఇరవై ఏళ్ల తర్వాత క్యాన్సర్ వస్తే ఏ తాతా ఆ రెంటినీ ముడిపెట్టి చూడలేడు. కడుపునొప్పి వస్తే ఎవరైనా పట్టుకుంటారు, ఇది పట్టుకోలేరు.

అలాగని మొక్కలన్నిటికీ భయపడమని కాదు. హెయిర్ డైలు, పిల్లల నైట్ డ్రెస్సుల్లో కలిపే మంటనిరోధక రసాయనం మ్యుటేషన్లు తెస్తున్నాయని బయటపెట్టి కంపెనీలకు నిద్ర లేకుండా చేసింది ఆ బ్రూస్ ఏమ్సే. ఆయనే 1990 నాటికి ఇంకో వైపు తిరిగి చూపించాడు. మనం తినే పురుగుమందుల్లో బరువు లెక్కన 99.99 శాతం మొక్కలు తమను కాపాడుకోవడానికి సొంతంగా తయారు చేసుకునేవేనని, వాటిలో అప్పటికి ఎలుకల్లో పరీక్షించినవి 52 మాత్రమేనని, అందులో 27 పాజిటివ్ అని. సింథటిక్ వాటిలోనూ పాజిటివ్ అయ్యేవి దాదాపు సగమే. కాఫీలో ఉండే కెఫీక్ ఆమ్లం కూడా 2బి. అయినా కాఫీని 2016లో 2బి నుంచి గ్రూప్ 3కి దించారు, 65 డిగ్రీలు దాటి వేడివేడిగా తాగే పానీయాలను మాత్రం 2ఎలో పెట్టారు, అది రసాయనం గొడవ కాదు, గొంతు కాలడం గొడవ.

మాత్ర రూపంలోకి వచ్చేసరికి కథ మళ్లీ మారుతుంది. బీటా కెరోటిన్ ఉన్న క్యారెట్ లాంటి కూరగాయలు తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చూసి, ఫిన్లాండ్‌లో 29,133 మంది సిగరెట్ తాగే మగవాళ్లతో ఒక ట్రయల్ పెట్టారు, బీటా కెరోటిన్ వంతు వచ్చినవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు. 1994లో ఫలితం వస్తే, మాత్ర తిన్నవాళ్లకే క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో ఇలాంటిదే ఇంకో ట్రయల్‌ను 1996లో మధ్యలో ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ. క్యారెట్ తప్పు కాదు. ఒక్క ముక్కను పీకి, మోతాదు పెంచి, పొగతో నిండిన ఊపిరితిత్తుల్లోకి పంపడం వేరే పని.

ఇక మీ విషయానికి. యాస్పర్టేమ్‌ను 2023లో 2బిలో పెట్టినప్పుడే, ఆహార సంకలితాల మీద ఇంకో నిపుణుల కమిటీ రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని మార్చాల్సిన పని లేదని చెప్పింది. క్యాన్‌కు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటే, 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటడానికి రోజుకు 9 నుంచి 14 క్యాన్లు తాగాలి. మీరు తాగింది వారానికి రెండు. దాని గురించి నేనైతే టెన్షన్ పడను.

కలబంద దగ్గర మాత్రం ఒక ప్రశ్న అడుగుతాను. 2బిలో ఉన్నది ఆకంతా కలిపి తీసిన సారం, ఆకు తొక్క కింద ఉండే పసుపు రసంతో సహా. దాన్ని రెండేళ్లు తాగించిన ఎలుకల్లో పెద్దపేగు కణితులు వచ్చాయి, చిట్టెలుకల్లో రాలేదు. ఆ పసుపు రసంలోని ఆలోయిన్ లాంటి పదార్థాల మీదే అనుమానం, విరేచనకారిగా పనిచేసేవి కూడా అవే. లోపలి జెల్ ఒక్కటే అయినా, వడపోసి ఆలోయిన్ తీసేసినదైనా ఆ ఎలుకల ఫలితం దానికి నేరుగా వర్తించదు. కాబట్టి డబ్బా మీద ఏ భాగం, ఎన్ని మిల్లీగ్రాములు, ఆలోయిన్ తీసేశారా లేదా అని ఉందేమో చూడండి. "ఆకు మొత్తం" అని ఉండి ఇంకేమీ లేకపోతే ఆ క్యాప్సూల్ రోజూ వేసుకోవడానికి నేను ఒప్పుకోను. సిగరెట్ అలవాటు ఉంటే బీటా కెరోటిన్ లైను కూడా వెతకండి. అందులో ఉన్న మూలికల పేర్లు శాస్త్రీయ నామాలతో సహా రాసి పెట్టండి, ఒక్కొక్కటీ చూసి చెప్తాను.